మిల్లు గేటు వైపు తిరిగే స్టీరింగ్

నూలు మిల్లు మూతపడి పన్నెండేళ్ళయినా, చీకటి పడితే ఆ గేటు ముందు నుంచి వెళ్ళడానికి ఎవరికీ కాళ్ళు రావు. సాయంత్రం షిఫ్టు దిగిన ఆడవాళ్ళు ఇంకా అక్కడే వరసగా నిలబడి, ఇంటికి తీసుకెళ్ళేవాళ్ళ కోసం చూస్తుంటారట. చూసిందెవరంటే మాత్రం ఒక్కడూ దొరకడు. చూసినవాడు ఎప్పుడూ పక్కింటాయన తోడల్లుడే.

అలాంటి చోటికి రాత్రి ఏడున్నరకి పనిగట్టుకుని వెళ్ళినవాడు ఒక్కడే — బిగింపు మేస్త్రి.

వడ్రంగి ఆయన. ఆయన చేసిన కుర్చీ మీద ముగ్గురు పిల్లలు గెంతినా కిర్రుమనదు. కీలు కదిలిందంటే చేసినవాడికి పని రానట్టేనని అందరికీ నూరిపోసేవాడు. ఆ పేరు అలా వచ్చింది. ఆయనకో పాతకాలం కారుంది... మిల్లు నడిచినన్నాళ్ళూ రోజూ ఏడున్నరకి ఆ కార్లోనే గేటు దగ్గరికెళ్ళి అక్కడ పనిచేసే భార్యని ఎక్కించుకొచ్చేవాడు.

ఆమె పోయి ఏడాదైంది. కారు షెడ్డులో దుమ్ము కొట్టుకుపోయింది. ఇల్లూ అంతే. పొయ్యి మీద ఒక్కడి గిన్నె, దండెం మీద ఒక్కడి బట్టలు.

ఓ రోజు ఉండబట్టలేక కారు బయటికి తీశాడు. స్టీరింగ్ వదులు. జానెడు తిప్పినా చక్రాలకి చీమ కుట్టినట్టయినా లేదు. ఆమె తమ్ముడు మెకానిక్కే, కబురు పెడితే పరుగెత్తుకొస్తాడు. కానీ మేస్త్రి చేతులు ఊరుకుంటాయా? బానెట్ ఎత్తి, స్టీరింగ్ బాక్సు మీదున్న మర పట్టుకుని బిగించాడు. ఇంకాస్త... ఇంకాస్త... వెంట్రుకవాసి వదులు లేకుండా.

ఆ సాయంత్రమే బయల్దేరాడు. మిల్లు దాకా దారంతా తిన్నగానే ఉంటుంది. వీధి దీపాలు అయిపోయాయి. మిల్లు గోడ మొదలైంది. గేటుకి కాస్త ముందు రోడ్డు ఎడమకి వంపు తిరిగి మళ్ళీ తిన్నగా పోతుంది. గేటు ఆ ఎడమవైపే.

వంపులో స్టీరింగ్ తిప్పి, ఎప్పటిలాగే పట్టు సడలించాడు. దానంతటది తిన్నగా రావాలి.

రాలేదు.

ఎవరో పట్టుకున్నట్టు... ఎడమకే ఉండిపోయింది. కారు మెల్లగా రోడ్డు దిగి గేటు ముందుకి పోయింది. అక్కడ బ్రేకు తొక్కాడు. ఇంజను ఆగిపోయింది.

గేటుకున్న గొలుసు మీద లైటు వెలుగు పడుతోంది... అవతల ఎవరూ లేరు. పక్క సీటు ఖాళీగా కనిపిస్తుందేమోనన్న భయంతో ఆయన తల కూడా తిప్పలేదు.

"నువ్వేనా?" అన్నాడు.

చప్పుడు లేదు. అయినా అరగంట కూర్చున్నాడు. కుళాయి కారుతోందని చెప్పాడు. కూరలో ఉప్పు మరిచిపోతున్నానని చెప్పాడు... ఆమె పోయాక ఆయన అంతసేపు మాట్లాడింది ఆ రాత్రే. తిరిగొచ్చేటప్పుడూ స్టీరింగ్ మొరాయించింది. పంపడం ఇష్టం లేక అలా చేస్తోందనుకున్నాడు.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అలా ఆరు రోజులు.

ఏడో రోజు సాయంత్రం బావమరిది వచ్చాడు. మేస్త్రి అతన్ని షెడ్డులోకి లాక్కెళ్ళి గుసగుసగా చెప్పాడు.

"మీ అక్క వస్తోందిరా... స్టీరింగ్ పట్టుకుంటోంది."

మెకానిక్ నవ్వలేదు. తాళం తీసుకుని, వీధి చివరిదాకా నడిపి తెచ్చాడు. తర్వాత టార్చి పట్టుకుని కారు కింద దూరాడు.

"బావా... బాక్సు బిగించావా?"

"వెంట్రుకవాసి వదల్లేదు."

"అదే కొంప ముంచింది. వదులు బాక్సులో లేదు, ఇక్కడ కింద చక్రాల్ని తిప్పే రాడ్డు చివర్లు అరిగిపోయాయి. బాక్సు అంత బిగిస్తే స్టీరింగ్ తిప్పినచోటే ఉండిపోతుంది. ఇందాక వీధి చివర వెనక్కి తిప్పితే నాకూ అలాగే చేసింది... ఏ గోడకో గుద్దుకుని ఉంటే?"

మేస్త్రి చేతిలో ఉన్న గుడ్డని మడుస్తూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ ఉండిపోయాడు. ఆమె పోయిన రోజు కూడా ఆ ముఖం అంత వాడిపోలేదు. చూడలేక బావమరిది స్పానరు తీశాడు.

"ఆ మర పావు చుట్టు వదిలి, రాడ్డు చివర్లు మార్చేస్తా. గంట పని."

"రేపు చెయ్యరా."

"ఇలా నడపకూడదు బావా."

"మెల్లగా పోతాలే. ఇవాళ ఒక్కసారి... మీ అక్కకి చెప్పొస్తాను."

షెడ్డు బయట చీకటి పడుతోంది. మెకానిక్ స్పానరు కింద పెట్టాడు.

"అయితే నేనూ వస్తా," అని కారు ముందు సీటు తలుపు తీశాడు.

"అక్కడ కాదురా," అన్నాడు మేస్త్రి మెల్లగా. "వెనక కూర్చో."

మెకానిక్ చప్పుడు కాకుండా ఆ తలుపు మూసి, వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.