వెచ్చని పెట్టె తలుపు

మధ్యాహ్నం మూడైంది. అమ్మ పనిచేసే ల్యాబ్‌లో ఒక మూల స్టూల్ మీద గిలక కూర్చుని ఉంది. బావి గిలకలా క్షణం నోరు మూయని పిల్ల కాబట్టి ఇంట్లో ఆ పేరు పెట్టారు. అలాంటిది గంట నుంచి ఉలుకూ పలుకూ లేదు.

"ఏంటే, నోట్లో బెల్లంగడ్డ పెట్టుకున్నావా?" అంది ల్యాబ్ ఆంటీ. అమ్మ ప్రయోగాలకు కణాలు పెంచిపెట్టేది ఆవిడే.

గిలక తల అడ్డంగా ఊపింది.

పొద్దున అమ్మ మైక్రోస్కోప్ తెర మీద ఓ వింత చూపించింది. కణాలు ఇరుకు సందుల్లోంచి దూరి వెళ్తున్నాయి.

"మధ్యలో గుండ్రంగా ఉన్నది కేంద్రకం. దూరేటప్పుడు ఒక్కోసారి దాని పొర చిరుగుతుంది," అంది అమ్మ.

"అయ్యో, మరి చచ్చిపోతుందా?"

"చాలావరకు బతుకుతుంది. చిరగ్గానే ఒక ప్రొటీన్ అక్కడికి చేరి తక్కినవాటిని పిలుస్తుంది. అన్నీ కలిసి నిమిషాల్లో అతుకు వేసేస్తాయి. ఆలస్యమైతేనే లోపలి డీఎన్ఏకి ముప్పు."

ఆ కణాలు మైక్రోస్కోప్ చుట్టూ ఉన్న వెచ్చని పెట్టెలో ఉంటాయి. తలుపు తీయొద్దని అమ్మ రెండుసార్లు చెప్పింది. చెప్పిన మాట వింటే గిలక ఎందుకవుతుంది! అందరూ భోజనానికి వెళ్లగానే తీసి చూసింది. అడుగుల చప్పుడు వినపడి గబుక్కున తోసేసింది. గొళ్లెం పడలేదు.

గంట తర్వాత చూస్తే తలుపు వారగా తెరిచే ఉంది. ఎవరూ చూడకుండా మెల్లగా మూసేసి వచ్చి ఈ స్టూల్ మీద కూర్చుంది.

"కణాలన్నీ ముడుచుకుపోయాయే," అంది ఆంటీ తెర చూస్తూ.

"వేడి తగ్గిందేమో చూడండి," అంది అమ్మ.

ఆంటీ పెట్టె మీది అంకె చూసింది. "ముప్పై ఏడు. సరిగ్గానే ఉంది. అయితే తప్పు నాదే. నిన్న పోషకద్రవం కలపడంలో ఏదో తేడా చేసుంటాను. ఇరవై ఏళ్లలో ఎప్పుడూ ఇలా కాలేదు. కళ్లు సరిగ్గా ఆనడం లేదేమో."

ఆవిడ గులాబీరంగు ద్రవం ఉన్న సీసా సింకులో ఒంపేసింది. తర్వాత వేరే పెట్టెలో అదే ద్రవంతో పెరుగుతున్న మిగతా కణాల పళ్లెం కూడా పారేద్దామని చేతిలోకి తీసుకుంది. మూడు వారాలుగా ఆదివారాలు కూడా వచ్చి పెంచిన కణాలవి.

గిలక స్టూల్ దిగి పరుగెత్తింది.

"పారేయకండి ఆంటీ. పెట్టె తలుపు నేనే తీశాను. గంటసేపు తెరిచే ఉండిపోయింది. మళ్లీ నేనే మూసేశాను."

ఆంటీ పళ్లెం కింద పెట్టింది. కళ్లజోడు తీసి, చీర కొంగుతో చాలాసేపు తుడిచింది.

"అయితే నా కళ్లు బాగానే ఉన్నాయన్నమాట," అంది చిన్నగా.

ఆ మాటకు గిలకకు ఏడుపు ఆగలేదు. తిట్టినా బాగుండేది.

"తలుపు తెరిచి ఉందని చూసినప్పుడే చెప్పుంటే పెట్టెలోవి కొన్నైనా దక్కేవేమో. ఇప్పుడు లాభం లేదు," అంది అమ్మ. పళ్లెంలోవి మిగిలాయి కానీ, మైక్రోస్కోప్ కింద ముడుచుకుపోయిన కణాలను ఆ సాయంత్రమే పారేశారు. గిలక ఆ పని అయ్యేదాకా పక్కనే నిలబడింది.

మరుసటి శనివారం మళ్లీ ల్యాబ్‌కు వచ్చింది. లోపలికి వస్తుంటే స్కూల్ బ్యాగు మైక్రోస్కోప్ బల్లకు తగిలింది. ఏదీ పడలేదు. ఎవరూ ఇటు చూడలేదు కూడా.

"ఆంటీ, నా బ్యాగు బల్లకి తగిలింది. ఇప్పుడే," అంది గిలక.

ఆంటీ పని ఆపి వచ్చింది. కణాలు కదిలాయేమోనని ఇద్దరూ తెర మీదికి వంగారు.