రెండో అంకె నొక్కితే అమ్మ

సోమవారం పొద్దున్నే కాజాలమ్మ వెళ్ళి, కూతురి అత్తగారిని నలుగురి ముందూ కడిగిపారేసి వచ్చింది! "పెళ్ళి చేసి పంపింది కోడలిగా వదినగారూ, పనిమనిషిగా కాదు! నా బిడ్డ ఉసురు ఊరికే పోదు!" అని గుమ్మంలో నిలబడి అరిస్తే, పై వాటా వాళ్ళూ కింది వాటా వాళ్ళూ తలుపులు తీసుకుని మరీ విన్నారు. ఆ ముసలావిడ మాత్రం నోరెత్తలేదు. చేతుల్ని ఒళ్ళో దాచుకుని గోడకేసి చూస్తూ కూర్చుంది. తప్పు చేసినవాళ్ళకి మాటెలా వస్తుందిలే అనుకుని కాజాలమ్మ బస్సెక్కింది.

దర్జీ కొట్లకి చొక్కాల బొత్తాల కాజాలు కుట్టిచ్చే మనిషి కాబట్టి ఆ పేరు అలా స్థిరపడిపోయింది. మొగుడు పోయాక ఆ సూదితోనే ఒక్కగానొక్క కూతుర్ని పెంచింది. అల్లుడు లారీ డ్రైవరు, శనివారానికి గాని ఇల్లు చేరడు. పెళ్ళానికొకటి, కాజాలమ్మకొకటి రెండు బుల్లి ఫోన్లు అతనే కొనిపెట్టాడు. అరచేతిలో దాగిపోయేంత ఫోను, నెత్తిన పొట్టి పిలకలా ఒక యాంటెన్నా! సిగ్నలు కిటికీ దగ్గరే అందుతుంది గనుక కాజాలమ్మ తన పీట కూడా కిటికీ దగ్గరికే జరుపుకుంది. "నా ఫోనులో రెండో అంకె నొక్కి పట్టుకుంటే చాలమ్మా, నీకే వస్తుంది," అని కూతురు చెప్పిన రోజున ఆ తల్లి సంతోషం పట్టలేక ఏడ్చేసింది.

రోజూ రెండింటికి ఫోను వచ్చేది. "అత్తయ్యగారు ఇవాళ కూడా నన్ను తిండి తిననివ్వలేదమ్మా..." అని కూతురు వెక్కుతుంటే, ఇక్కడ కాజాలమ్మకి సూది వేల్లో దిగేది. సోమవారం నాటి రభసకి కారణం ఆ ఏడుపే.

మంగళవారం పదకొండింటికే ఫోను మోగింది. కూతురి నంబరే! "చెప్పు తల్లీ," అంది కంగారుగా. గుడ్డ రాసుకుంటున్న చప్పుడు... తర్వాత ఎక్కడో దూరంగా ఒక గొంతు.

"ఏయ్ ముసలీ! పొద్దున తిన్నావుగా, మళ్ళీ అన్నమేంటి?"

అది కూతురి గొంతే! రోజూ "అత్తయ్యగారు, అత్తయ్యగారు" అని వెక్కే గొంతే!

"పొద్దున టీ ఒక్కటేగా అమ్మా..." అంది ముసలావిడ.

"అది కూడా సగం ఒలకబోశావుగా! తుడువు. గుడ్డ అక్కర్లేదు, నీ కొంగుతో తుడువు! మా అమ్మ చేత అన్ని తిట్లు తిట్టించినా సిగ్గు రాలేదు నీకు. మీ అబ్బాయికి చెప్పుకుంటావా? చెప్పుకో! మా అమ్మ వీధంతా వినేలా అరిచి వెళ్ళాక నీ మాట ఎవరు నమ్ముతారు?"

"మీ అమ్మని నేనేమీ అనుకోలేదు తల్లీ... కూతురి కోసం పరిగెత్తుకొచ్చింది. నాకోసం వచ్చేవాళ్ళు లేరుగా!"

"అమ్మడూ!" అని కాజాలమ్మ గావుకేక పెట్టింది. ఆ కేక కూతురి నైటీ జేబులోనే ఉండిపోయింది.

బుధవారమూ అంతే, గురువారమూ అంతే. ఫోను ఆపే ఎర్ర మీట బొటనవేలి కిందే ఉన్నా నొక్కలేక, నోట్లో కొంగు కుక్కుకుని అంతా విన్నది. మళ్ళీ రెండింటికి కూతురు మామూలుగా ఫోను చేసేది. "అత్తయ్యగారు నన్ను చంపుకు తింటున్నారమ్మా... ఈ ఫోనుకేం మాయరోగమో, పొద్దున చార్జింగ్ పెడితే మధ్యాహ్నానికే అయిపోతోంది!" "అలాగా తల్లీ..." అనేది కాజాలమ్మ. ఇంకేమనగలదు!

శుక్రవారం, పిల్ల చెయ్యకుండానే ఫోను ఎలా వస్తోందని ఫోన్ల కొట్టువాణ్ణి అడిగితే అతను నవ్వాడు. "కీ లాక్ వెయ్యకుండా జేబులో వేసుకుంటున్నారమ్మా. వంగినప్పుడల్లా రెండో అంకె నొక్కుకుపోతోంది," అని లాక్ వేసే పద్ధతి చూపించాడు.

శనివారం సాయంత్రం అల్లుడు ఫోను చేశాడు. "అత్తయ్యగారూ, ఒక్క మాట దాచకుండా చెప్పండి. మా అమ్మ చిక్కి సగమైపోయింది. ఏమైందంటే పెదవి విప్పదు. అమ్మది తప్పని మీ అమ్మాయి అంటోంది. మీరు పెద్దవారు... మీ మాట మీదే నిలబడతాను."

నిజం చెబితే ఆ పూటే ముసలావిడ కడుపునిండా అన్నం తింటుంది. కానీ తన కూతురో! పెట్టె పట్టుకుని ఈ ఒంటి గదికి వచ్చి పడుతుంది. లోకం కూతుర్నొక్కదాన్నే అంటుందా? ఏం పెంపకమే అని తన మొహాన ఉమ్మదూ! ఐదేళ్ళప్పుడు పక్కింటి పాప గిల్లిందని ఇదే పిల్ల అబద్ధమాడితే, ఆ పాపని చెయ్యెత్తి కొట్టింది తను కాదూ!

"పెద్దవాళ్ళయ్యాక... చాదస్తం వస్తుంది బాబూ," అంది ఎలాగో. "ఆకలి కూడా తెలీదు వాళ్ళకి. మా అమ్మాయి ఓర్చుకుంటోంది."

అవతల అల్లుడు నిట్టూర్చాడు. "అయితే అమ్మకే చెప్తాను, కాస్త సర్దుకోమని."

కాజాలమ్మ గోడకి తల బాదుకుంది! కన్నప్రేమ, కన్నప్రేమ అని లోకం చేతులెత్తి మొక్కేది దీనికేనా? ఏడ్చి ఏడ్చి, ఆదివారం అల్లుడు మళ్ళీ లారీ ఎక్కే వేళ దాటాక కూతురికి ఫోను చేసింది.

"అమ్మడూ, ఫోను జేబులో వేసుకునే ముందు కీ లాక్ వేసుకోవాలి. ఎడమ మీట నొక్కి, వెంటనే స్టార్ నొక్కు."

అవతల కూతురు తలుపు మూసిన చప్పుడు వినబడింది.

"ఎప్పట్నుంచి వింటున్నావు?"

"మంగళవారం నుంచి."

"ఆయనకి చెప్పావా?"

"లేదు..."

కూతురు హాయిగా ఊపిరి వదిలింది. "నాకు తెలుసు! మా అమ్మ బంగారం!" అంది. అప్పుడు ఆ గొంతులో ఉన్న ప్రేమ మాత్రం అబద్ధం కాదు. అదే కాజాలమ్మని నిలువునా కోసేసింది.

"వదినగారికి రెండు ముద్దలు పెట్టవే తల్లీ..." అంది. అప్పటికే కూతురు ఫోను పెట్టేసింది.

సోమవారం కాజాలమ్మ కిటికీ దగ్గర కూర్చుని కాజాలు కుడుతూ గడియారం వంక చూసింది. పదకొండైంది. పదకొండున్నరైంది. ఫోను మోగలేదు.