పదిహేను నిమిషాలమ్మ

"ఫోను ఇక్కడ పెట్టి వెళ్ళండి," అంది నర్సు.

"కుదరదండీ. జనరల్ మేనేజర్ గారు ఎప్పుడు చేస్తారో తెలీదు," అన్నాడు సేల్స్ అసిస్టెంటు.

"ఆయన లోపలే ఉన్నారు. చెయ్యి చాపితే అందుతారు."

అతను ఫోను బల్ల మీద పెట్టేశాడు. భుజాన తుండు, నడుముకి పొట్టి లాగు, ముఖాన వెర్రి నవ్వు. ఒక అమ్మాయిని మొదటిసారి కలవడానికి ఇంతకంటే అధ్వాన్నమైన వేషం ఉండదు.

అది పరుపులు చేసి అమ్మే కంపెనీ. ఊరందరికీ హాయిగా నిద్ర అమ్మే ఆ ఆఫీసులో కంటినిండా నిద్రపోయినవాడు ఒక్కడూ లేడు. ఒకరోజు మీటింగులో ఇద్దరు గుమాస్తాలు కూర్చున్నవాళ్ళు కూర్చున్నట్టే గురక పెట్టేసరికి, జనరల్ మేనేజర్‌కు సిబ్బంది ఆరోగ్యం మీద బెంగ పుట్టింది. అయితే పని తగ్గించలేదు. కింది అంతస్తులో సౌనా కట్టించాడు. చెక్క గోడలు, చెక్క బెంచీలు, మూలన కణకణలాడే రాళ్ళ పొయ్యి. పావుగంట కూర్చుని చెమట పోస్తే ఒళ్ళు దూదిపింజలా తేలికవుతుందన్నారు. నిజంగానే అవుతుంది. ఉదయం ఆడవాళ్ళ వంతు అలాగే హాయిగా సాగేది. సాయంత్రం మగవాళ్ళ వంతులో మాత్రం మేనేజర్ పై బెంచీ ఎక్కి అమ్మకాల గురించి నిలదీసేవాడు. ముందు లేచినవాడు చేతకానివాడి కింద లెక్క.

నర్సు అందరికీ నాడి చూసి, నీళ్ళు తాగించి లోపలికి పంపేది. పావుగంట కాగానే తలుపు తెరిచేది. ఎంతటివాడైనా బయటికి రావలసిందే. వాళ్ళు ఆమెకు పదిహేను నిమిషాలమ్మ అని పేరు పెట్టుకున్నారు.

ఆమె అతని మణికట్టు పట్టుకుని గడియారం చూసింది. "నూట పన్నెండు. మెట్లెక్కి వచ్చారా?"

"లేదండీ, లిఫ్టులో."

"ఇవాళ లోపలికి వద్దు. ఆ బల్ల మీద కూర్చోండి."

మర్నాడు నూట పదిహేను. ఆ మర్నాడు నూట ఇరవై. మూడు రోజులూ అతను బయటి బల్ల మీద కూర్చుని, ఆమె తుండ్లు మడతపెడుతుంటే చూశాడు. నాలుగో రోజు మేనేజర్ నుంచి కాగితం వచ్చింది: 'ఒత్తిడి తగ్గించుకోవడంలో వెనుకబడ్డారు. మెరుగుపడాలి.'

"మీ వల్ల నా ప్రమోషన్ మంటగలిసింది," అన్నాడు అతను.

"మీరు లోపల పడిపోతే ప్రమోషన్ ఎవరికిస్తారు? డాక్టరుకి చూపించుకోండి."

డాక్టరు అతని గుండె భేషుగ్గా ఉందనీ, నాడి డెబ్బై రెండనీ రాసిచ్చాడు. ఆమె ఆ చీటీ రెండుసార్లు చదివింది. తర్వాత అతన్ని చూసింది. అతను పైకప్పు చూశాడు.

"ఇవాళ నాడి చూడక్కర్లేదులెండి. వెళ్ళండి," అంది తుండు అందిస్తూ. ఆమె బుగ్గలు కందాయి. తలుపు వేసే ఉంది మరి, లోపలి సెగ అనడానికి లేదు.

అప్పటినుంచి సాయంత్రాలు బాగానే గడిచాయి. లోపల పావుగంట మేనేజర్ చీవాట్లు, బయట అరగంట ఆమె వేళాకోళం. చీవాట్లకు వచ్చిన చెమట వేళాకోళానికి ఆరిపోయేది.

ఒక సాయంత్రం లోపల మేనేజర్‌తో పాటు అతనూ మరో ముగ్గురూ ఉన్నారు. పావుగంట కాగానే ఆమె తలుపు తెరిచింది.

"తలుపు వెయ్యమ్మా. టార్గెట్ ఇంకా తేలలేదు," అన్నాడు మేనేజర్.

"టైమైందండీ."

"ఇక్కడ టైము నేను చెప్తాను."

ఇరవయ్యో నిమిషాన మళ్ళీ తెరిచింది. ఆయన మళ్ళీ కసిరాడు. ఆమె మీట నొక్కి పొయ్యి ఆపేసింది. పౌరుషం కొద్దీ ఆయన విసురుగా లేచి, అంతే విసురుగా కూలిపోయాడు. ఆమె, సేల్స్ అసిస్టెంటు కలిసి ఆయన్ని బయటికి లాక్కొచ్చారు. ఆమె ఆయన కాళ్ళు ఎత్తిపెట్టి తడిగుడ్డలు వేసింది. తెలివి రాగానే ఆయన అడిగిన మొదటి మాట, "ఎవరైనా చూశారా?"

మర్నాడు ఆయన గదిలో ఒక కాగితం సిద్ధంగా ఉంది. ఆయన పడిపోవడానికి కారణం నర్సేననీ, ఆ సమయానికి ఆమె తలుపు దగ్గర లేదనీ అందులో ఉంది. ఆ ముగ్గురూ అప్పటికే సంతకాలు చేసేశారు.

"ఏరియా మేనేజర్ సీటు ఖాళీగా ఉందయ్యా," అన్నాడు ఆయన, పెన్ను మూత తీసి ఇస్తూ.

అతనికి ఆ సీటు కావాలి. రెండేళ్ళుగా కావాలి. కాగితం వంక చాలాసేపు చూశాడు. చివరికి దాని కింద, తలుపు ఎన్నిసార్లు తెరుచుకుందో, ఏ నిమిషాన ఎవరు ఏమన్నారో రాసి సంతకం పెట్టాడు. ఆయన చించేలోపు ఫోటో తీసి పై ఆఫీసుకు పంపేశాడు.

ఆ ముగ్గురి సంతకాల సంగతి తప్ప ఇవేవీ ఆమెకు తెలియవు. పెన్ను చేతిలో పట్టుకుని అతను ఆ గదిలోంచి రావడం మాత్రం చూసింది.

"మీరూ పెట్టారా సంతకం?"

"పెట్టాను, కానీ..."

"చాలు," అని తన సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. అతను ఎన్నిసార్లు చేసినా ఫోను ఎత్తలేదు.

రెండు వారాలకు పై ఆఫీసు న్యాయం చేసింది. నర్సును తిరిగి రమ్మంది. సేల్స్ అసిస్టెంటును ఫిర్యాదుల కౌంటరుకు మార్చింది. జనరల్ మేనేజర్‌ను మాత్రం ఊరికే వదల్లేదు; అన్ని శాఖలకూ ఆరోగ్య సలహాదారుగా చేసింది.

సోమవారం ఉదయం అతను కుంగిపోయిన పరుపుల గురించి తిట్లు వింటున్నాడు. వరసలో రెండో మనిషి ఆమె. పక్కన నెరిసిన మీసాలాయన.

"మా నాన్నగారు," అంది తన వంతు రాగానే. "పై ఆఫీసువాళ్ళు నా ఫైల్లో మీ కాగితం చూపించారు. ఆ రోజే చెప్పొచ్చుగా?"

"'కానీ' వరకూ చెప్పానండీ. మీరు అక్కడే ఆపేశారు."

ఆమె తల దించుకుంది. "తప్పు నాదే."

"రెండు వారాలు ఇంట్లో నిన్నే తిట్టింది బాబూ," అన్నాడు తండ్రి. "కొత్త కొత్త తిట్లు. ఇంత శ్రద్ధగా తిడుతోందంటే సంగతేదో ఉందని వాళ్ళమ్మే అంది. నేను ముప్పై ఏళ్ళు బస్సు నడిపాను. ఎక్కేవాడెవడో, ఊరికే స్టాపులో నిలబడేవాడెవడో చూస్తే తెలిసిపోతుంది. మరి నువ్వు?"

అతను కుర్చీలోంచి లేచాడు. "ఎక్కుతానండీ. ఆవిడ రానిస్తే."

తండ్రి కూతురి వంక చూశాడు. ఆమె కౌంటరు అంచున లేని దుమ్ము తుడుస్తోంది. "రానివ్వకపోతే నాన్నని వెంటబెట్టుకుని ఇక్కడికెందుకు వస్తాను?" అంది మెల్లిగా.

"అయితే ఆదివారం మీవాళ్ళని తీసుకురా," అని ఆయన బయటికి నడిచాడు.

ఆమె కౌంటరు ముందు కుర్చీలో కూర్చుంది. అతనూ కూర్చున్నాడు. వెనక దిండు చంకన పెట్టుకున్న పెద్దావిడ కాసేపు ఓపిక పట్టి, ముందుకు వంగింది.

"మీది అయిపోయిందా అమ్మా?"

"ఇంకా మొదలే కాలేదండీ," అంది ఆమె. "మీరు కాస్త కూర్చోండి."