నూలు గాడి

ఆసుపత్రి మూడో గదిలో, మచ్చను తినే మేతకణాలకు వెచ్చదనం సరిచేసి వకుళ కటకంలోకి తొంగి చూసింది. ఆరేళ్లుగా ఈ కణాలను మేపే మేపరి ఉద్యోగం చేస్తున్నా ఈ దృశ్యం ఆమెకు ఇంకా విసుగు పుట్టించలేదు. కణం ఒకటి చేయి చాచి మచ్చకట్టిన పాత చర్మపు అల్లికలోని పోగును పట్టుకుంది, కొరికింది, ముక్కను లోపలికి లాక్కుని తన పులుపు సంచిలో వేసుకుంది. కాసేపటికి ముక్క కరిగిపోయింది. ఆ సరుకుతోనే కొత్త పోగు వడకడం మొదలుపెట్టింది.

మంచం మీద ఉన్నది నాంచారమ్మ, చీరాల నేతగత్తె. మరిగే రంగునీళ్లు పడి ఆమె కుడిచేతి వేళ్లు మచ్చకట్టి ముడుచుకుపోయాయి. ఐదు రోజుల మేతతో మిగతావన్నీ విచ్చుకున్నాయి. ఇక చూపుడు వేలొక్కటే మిగిలింది.

"ఏందమ్మా, ఇంకా తింటానే ఉండాయా?"

"తింటున్నాయి పెద్దమ్మా. సాయంత్రానికి మీ చేయి పసిపిల్ల చేయిలా అవుతుంది."

నాంచారమ్మ మొహం చిన్నబోయింది. "ఈ వేలి మీద గాడి ఉంది చూడు. నలభై ఏళ్లు నూలు ఒరుసుకొని పడింది. తెగబోయే పోగు నాకు ఆడనే తెలిసుద్ది. అది కూడా తినేస్తే మగ్గం కాడ కూకొని నేనేం జేసేది?"

వకుళ మనసు కలుక్కుమంది. ఏది ఉంచాలో ఐదు రోజుల్లో ఆమెను ఎవరూ అడగనే లేదు, తనతో సహా.

కటకాన్ని గాడి మీదికి జరిపింది. విచిత్రంగా ఉంది. కణాలు అక్కడి పోగులను పట్టి లాగి చూసి, మళ్లీ వదిలేస్తున్నాయి. పోగులన్నీ మగ్గం మీది పడుగులా ఒకే వైపుకు బిగిసి ఉన్నాయి. అంత బిగువును కొరకడం వాటికీ కష్టమే.

ఆసుపత్రిని నడిపే యంత్రం, నిర్ణేత మాత్రం ఊరుకోలేదు. "పాత అల్లిక మిగిలింది. కొరుకుడు రసం రెట్టింపు చేయండి" అని తెర మీద ఆజ్ఞ జారీ చేసింది. దాని లెక్కలో ఒంట్లో ఉండేవి రెండే, కొత్తదీ చెడ్డదీ. దాని మాట కాదన్న మేపరి మర్నాడు పనిలో ఉండడం కల్ల.

వకుళ రసం సీసాను పక్కకు నెట్టి, కణాల మేత ఆపించే ఉపవాసద్రవం తీసి గాడి వెంబడి సన్నగా గీసింది. కణాలు చేతులు ముడుచుకున్నాయి.

"మిగిలినది గాయమా, శరీరమా?" నిర్ణేత అడిగింది.

"నాకు తెలియదు. ఆమెను అడుగు."

ఇలాంటి జవాబు నిర్ణేతకు ఎన్నడూ ఎదురవలేదు.  ఆసుపత్రిలోని పన్నెండు గదుల్లోనూ మేత ఒక్కసారే ఆగిపోయింది. ప్రతి మంచం దగ్గరా ఒకటే ప్రశ్న వెలిగింది: "ఏది ఉంచమంటారు?"

పక్కగదిలోంచి ఎవరో ముసలాయన నిదానంగా అనడం వినిపించింది.

"కాస్త ఆగు నాయనా, ఒళ్లంతా ఓసారి చూసుకోనీ."