రక్తనాళాల మీద గురి

కాఫీ కప్పు చేతిలో ఉండగానే విదేశాంగ కార్యదర్శి కుర్చీలో పక్కకి ఒరిగిపోయాడు. గుండెపోటన్నారు డాక్టర్లు. విషం ఆనవాలు ఎక్కడా లేదు.

"విషం కాదు, హార్మోన్," అన్నాడు చీఫ్, కళ్లద్దాలు తుడుచుకుంటూ.

ఎదురుగా కూర్చున్న ఏజెంటుని డిపార్ట్‌మెంటులో గుడ్లగూబ అంటారు, రాత్రిళ్లు నిద్రపోడని. అసలు సంగతి షుగర్. మాటిమాటికీ బాత్రూముకి లేవాలి. పాత జబ్బు, పాదాలు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. ఈ వయసులో ఇంకా ఈ డ్యూటీలేమిటని ఇంట్లో భార్య గొణగని రోజు లేదు.

చీఫ్ చెప్పిందిది. రక్తనాళాన్ని బిగించే హార్మోన్ మన ఒంట్లోనే ఊరుతుంది. బిగిసినదాన్ని సడలించేది నాళం లోపలి పల్చటి పొర. ఏళ్ల తరబడి షుగర్ ఉంటే ఆ పొర దెబ్బతిని, తన పని సరిగ్గా చేయలేకపోతుంది. విదేశీ ముఠా ఆ బిగించే హార్మోన్‌నే ఘాటుగా తయారుచేసింది. మామూలు మనిషి ఎలాగో తట్టుకుంటాడు. కార్యదర్శి లాంటి షుగర్ మనిషికి గుండెకి రక్తం ఆగిపోతుంది. ఒంట్లో ఉండే సరుకే కాబట్టి పోస్ట్‌మార్టంలో ఎవరికీ అనుమానం రాదు.

"తర్వాతి టార్గెట్ మన రాయబారి. రేపు శాంతి ఒప్పందం మీద సంతకం పెట్టాలి. ఆయన పోతే సరిహద్దులో యుద్ధమే."

"ఆయనకీ షుగరేనా?"

"నీకంటే పాతది."

గెస్ట్‌హౌస్‌లో రాయబారిని చూసుకునే నర్సు మన మనిషేనట. కోడ్‌వర్డ్ చన్నీళ్లు. చీఫ్ అతని చేతిలో గ్లూకోమీటర్ లాంటిదొకటి పెట్టాడు. లోపల ట్రాన్స్‌మిటర్, బటన్ నొక్కితే కమాండోలు దిగుతారు.

"షుగర్ కూడా చూపిస్తుందా?"

"చూపిస్తుంది. నీది మాత్రం చూసుకోకు, బెంగపడతావు."

మర్నాడు ఉదయం గుడ్లగూబ వెయిటర్ వేషంలో టిఫిన్ ట్రాలీ తోసుకుంటూ వెళ్లాడు. ఎక్కడ కళ్లు తిరుగుతాయో, ఎక్కడ పడిపోతాడో అన్నట్టుంది ఆ నడక. నర్సు చూపు తిప్పుకోలేనంత అందగత్తె. తనకి తాగడానికి చన్నీళ్లే కావాలంది. అతని ప్రాణం కుదుటపడింది. పడకుండా ఉండాల్సింది. అంత అందమైన మనిషి అంత సరైన మాట చెప్పినప్పుడే గుండె దడదడలాడాలి.

ఆమె అందించిన ఇన్సులిన్ పెన్‌ని రాయబారి అలవాటుగా అరచేతుల మధ్య దొర్లిస్తూ మనవరాలి అల్లరి గురించి చెబుతున్నాడు. గుడ్లగూబ వాడేదీ ఆ మందే. దొర్లిస్తే పాలలా తెల్లబడాలి. ఇది నీళ్లలా తేటగానే ఉంది. ముఠాలో శాస్త్రవేత్తలు బోలెడంతమంది. రోజూ పొడుచుకునేవాడు ఒక్కడూ లేడు.

సూది పొట్టని తాకబోతుండగా పెన్ లాగేశాడు. నర్సు చేయి పిస్తోలు కోసం హ్యాండ్‌బ్యాగ్‌లోకి వెళ్లింది. అతను ఆ మణికట్టు పట్టుకుని, రెండో చేత్తో బటన్ నొక్కాడు. ఆమె హైహీల్‌తో బలమంతా పెట్టి అతని పాదం తొక్కింది. ఇంకెవరైనా అయితే విలవిల్లాడి వదిలేసేవారు. అతనికి తెలియనే లేదు.

"నీకు నొప్పి లేదా?" అందామె, మొహం పాలిపోయి.

"ఉంటే బాగుండేదమ్మా."

ముఠాకి అమ్ముడుపోయిన ఆమెని కమాండోలు తీసుకుపోయారు. రాయబారి ఇంకా చొక్కా ఎత్తి పట్టుకునే ఉన్నాడు. "టిఫిన్ చల్లారిపోతోందయ్యా. నా ఇన్సులిన్ సంగతేమిటి?"

గుడ్లగూబ ట్రాలీ కింద పెట్టుకున్న తన సంచిలోంచి సీలు తీయని పెన్ తీసి ఇచ్చాడు.

సంతకం సజావుగా జరిగింది. ఫోన్లో చీఫ్ శభాష్ అంటుంటే గుడ్లగూబ బూటు విప్పాడు. మేజోడంతా రక్తం. ముఠా పని పట్టడానికి ఒక్క ఉదయం సరిపోయింది. ఆ గాయం ఎప్పటికి మానుతుందో చెప్పడానికి మాత్రం ఏ డాక్టరూ సాహసించలేదు.