సారెత్ దాచిన ఇంగ్లీషు

ఉదయం ఎనిమిదైంది. పొయ్యి మీద గంజి కుతకుతలాడుతోంది. పది గంటలకు మోకాలి డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కంబోడియా నుంచి మెల్‌బోర్న్ పక్కన స్ప్రింగ్‌వేల్‌కి వచ్చి పద్దెనిమిదేళ్లయినా సారెత్ బయట ఎవరితోనూ ఒక్క ముక్క ఇంగ్లీషు మాట్లాడదు. ఆమెకు నోరూ చెవీ కూతురు మాలిసే.

"అమ్మా, మందుల చీటీ ఎక్కడ పెట్టావ్?"

"సంచిలోనే ఉంది, సరిగ్గా చూడవే!"

చీటీకి బదులు, వెళ్లినా ఏమీ అంటట్లేదని తల్లి చెప్పే సాయంత్రం ఇంగ్లీషు క్లాసు నోటుపుస్తకం చేతికొచ్చింది. ఈ వారం పాఠం 'డాన్ ఆన్'. ఇన్నాళ్లూ కళ్లముందే ఉన్న సంగతి ఉన్నట్టుండి మనసుకు తట్టడమట. మనం వెతికి తెలుసుకున్నదానికి వాడకూడదు, దానంతటదే వచ్చి తట్టాలి అని టీచరు చెప్పింది. కింద సొంత వాక్యం, తప్పు లేని ఇంగ్లీషులో: "నాకు ఇంగ్లీషు వచ్చని తెలిస్తే నా కూతురు వెళ్లిపోతుందని ఒకరోజు నాకు తట్టింది."

మాలిస్ ఆ వాక్యాన్ని మళ్లీ చదివింది. ఎక్కడో దూరాన, బ్రూమ్‌లో, వచ్చిన ఉద్యోగానికి ఈ సాయంత్రంలోగా జవాబివ్వాలి. నిరుడు ఇలాంటిదే ఒకటి వదులుకుంది, అమ్మను ఎవరికి అప్పజెప్పాలో తెలీక. ఈసారి ఉద్యోగం సంగతి అమ్మకు చెప్పనేలేదు.

"ఎప్పట్నుంచమ్మా నీకు ఇంగ్లీషొచ్చు?"

సారెత్ గరిటె ఆపలేదు. "ఏదో... కాస్త."

"కాస్తా? బ్యాంకు, కరెంటాఫీసు, నీ పన్నునొప్పి, అన్నిటికీ సెలవు పెట్టి పరిగెత్తానే! ఊపిరాడట్లేదమ్మా నాకీ ఇంట్లో. నిద్రపోయేవాళ్లని లేపొచ్చు గానీ, నిద్ర నటించేవాళ్లని ఎవరు లేపుతారు?"

"నువ్వెళ్లిపోతే నాతో మన భాషలో మాట్లాడేదెవరే?" సారెత్ గరిటె పక్కన పెట్టింది. "భయమేసింది. అంతే."

మాలిస్ మందుల చీటీ వెతికి తీసి జేబులో పెట్టుకుంది. కోపం తగ్గలేదు. గంజి ఎవరూ ముట్టుకోలేదు.

పది గంటలకు డాక్టరు ఎప్పట్లాగే మాలిస్ వైపే చూశాడు. "నొప్పి ఎన్నాళ్ల నుంచి?"

మాలిస్ పంతం పట్టి పెదవి విప్పలేదు.

"మూడు నెలలు," అంది సారెత్, ఇంగ్లీషులో. "గట్టి మందివ్వండి డాక్టర్. ఇకమీద నేనొక్కదాన్నే రావాలి. మా అమ్మాయికి బ్రూమ్‌లో ఉద్యోగమొచ్చింది."

మాలిస్ నిర్ఘాంతపోయింది. ఆ ఉద్యోగపు ఉత్తరం నాలుగు రోజులుగా వంటింటి బల్ల మీదే ఉంది. అమ్మకు ఇంగ్లీషు చదవడం రాదన్న ధీమాతో తనే అక్కడ వదిలేసింది. చదివి కూడా తల్లి నాలుగు రోజులు తనలో తనే నలిగిందన్నమాట. తల్లి చెయ్యి పట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది.

"ఊరుకోవే, డాక్టరుగారు చూస్తున్నారు," అంది సారెత్, తమ భాషలో.