రెండింటికి ఆగే మిషను

ప్రత్తిపాడు దాటి రెండు మైళ్లు పోయాక రోడ్డుకి ఎడమపక్క ఒక స్థలం ఉంది. పొద్దుగూకాక ఎవరూ అటు పోరు. ఒకప్పుడు అక్కడ పత్తి మిల్లు ఉండేది. ఒక వేసవిలో పత్తికి నిప్పంటుకుని మూడు రోజులు కాలింది. ఎవరి ప్రాణమూ పోలేదని మిల్లువాళ్లు చెప్పారు. ఊళ్లోవాళ్లు మాత్రం ఇప్పటికీ ఒప్పుకోరు...

ఆ స్థలం కొని మిర్చి వ్యాపారి వీరబాబు గారు రెండంతస్తుల మేడ కట్టారు. రెండువేల నాలుగులో సంగతి. ఏసీ పని గుంటూరు సాల్మన్‌కి అప్పజెప్పారు.

గోడలకి తెల్ల డబ్బాలు తగిలిస్తే ఇంటి అందమంతా పోతుందని వీరబాబు గారి భార్య తేజశ్రీ పట్టుబట్టింది. అందుకని సాల్మన్ డాబా మీద ఒకే పెద్ద మిషను పెట్టాడు. సీలింగు లోపల రేకు గొట్టాలు నడిపించి, గదిగదికీ జాలీలోంచి గాలి వచ్చేట్టు చేశాడు. నెయ్యి, పచ్చళ్లు చెడకుండా కింద స్టోరు గదికి కూడా ఒక గొట్టం వేయించిందామె.

"తెల్లారుజామున బయటే చల్లబడుద్ది గదండీ" అని వీరబాబు గారు టైమరు పెట్టించారు. రాత్రి రెండింటికి మిషను దానంతటదే ఆగిపోతుంది.

గృహప్రవేశమైన నెలకి ఫోను వచ్చింది.

"సాల్మన్ గారూ... మీ ఏసీ ఏడుస్తోందండి."

"శబ్దం చేస్తోందా అండీ?"

"కాదండి. ఏడుస్తోంది. మా ఆవిడ పుట్టింటికి పోయింది. ఇది తేలేదాకా రానంటోంది. మీరు తేల్చకపోతే ఇల్లు అమ్ముకోవడమే."

సాల్మన్ దెయ్యాల్ని నమ్మడు. డ్రాయింగుని నమ్ముతాడు. ఎక్కడో రేకు వదులై ఉంటుందనుకుని ఆ సాయంత్రమే సామాను సంచీతో వెళ్లాడు. వీరబాబు గారు తాళాలు చేతికిచ్చి, తాను గుంటూరులో పడుకుంటానని కారెక్కారు.

"కింద వంటమనిషి రెబ్కా ఉంటుందండి" అన్నారు. "ఆమెకి భయం లేదు."

సాల్మన్ పైగదిలో పడుకున్నాడు. గది మంచి చల్లగా ఉంది. తన పని తనకే ముచ్చటేసింది.

రెండింటికి మిషను ఆగింది.

ఇల్లంతా నిశ్శబ్దం. పావుగంట... అరగంట. గదిలో ఉక్క మొదలైంది.

అప్పుడు — తల మీది జాలీలోంచి — సన్నగా ఒక ఎక్కిళ్ల చప్పుడు.

సాల్మన్ కదల్లేదు. రేకు మళ్లీ వేడెక్కేటప్పుడు టక్కుమంటుంది, కిర్రుమంటుంది. ఎక్కిళ్లు పెట్టదు. అది చిన్నపిల్ల ఏడుపు. ఆ వెనకాలే ఒక ఆడగొంతు, మెల్లగా, ఏదో చెప్తోంది...

అతనికి వెంటనే విషయం తట్టింది. ఒక గదిలో మాట ఇంకో గదికి గొట్టంలోంచి పోవడం ఉన్నదే. చప్పుడు ఆగేట్టు లోపల దళసరి పొర అంటిస్తే సరి. ఊపిరి పీల్చుకుని, డ్రాయింగూ టార్చిలైటూ తీసుకుని గొట్టం దారినే కిందికి దిగాడు.

స్టోరు గది తలుపు తీసి ఉంది. జాలీ కింద చాప మీద రెబ్కా కూర్చుని ఉంది. నలభై అయిదేళ్లుంటాయి.

"నీ గొంతేనామ్మా పైకి వినపడేది?" అన్నాడు.

"ఊరుకోబెట్టేది నేనేనండి."

"మరి పాప ఏది?"

సాల్మన్ టార్చి తిప్పి చూశాడు. బియ్యం బస్తాలు, పచ్చడి జాడీలు. ఇంకెవరూ లేరు. రెబ్కా నోరు మూసే ఉంది.

ఏడుపు వినిపిస్తూనే ఉంది.

"నా కూతురండి" అంది రెబ్కా, మామూలుగానే. "మూడేళ్లది. మిల్లులో పనికొచ్చినప్పుడు పత్తి మీద పడుకోబెట్టేదాన్ని. ఆ రోజు కూడా... నేను కాంటా దగ్గరున్నా. బిడ్డ లోపలుందని చెబితే ఎవరూ లెక్కలో రాసుకోలేదు."

సాల్మన్ టార్చి నేలకి దించాడు.

"అప్పట్నించీ మంట, మంట అంటానే ఉందండి. అందుకే ఈ ఇంట్లో పనికి కుదిరా. ఈ చల్లగాలి వచ్చాక ఊరుకుంటోంది. మిషను ఆగితేనే..." ఆమె గొంతు తగ్గించింది. "ఆపొద్దని చెబుతారా అయ్యా?"

అతను డాబా మీదికి ఎలా ఎక్కాడో అతనికే తెలీదు. మిషను మళ్లీ వేశాడు. కిందికొచ్చి స్టోరు గది గుమ్మంలో నిలబడ్డాడు. జాలీలోంచి చల్లగాలి దిగింది. ఏడుపు ఎక్కిళ్లయింది... ఎక్కిళ్లు ఆగాయి.

రెబ్కా చాప మీద ఒక పక్కకి జరిగి, రెండో పక్క చోటు వదిలి పడుకుంది.

పొద్దున వీరబాబు గారు వచ్చారు. "ఏంటండీ తేలింది?"

"టైమరండీ. తీసేశాను. ఇంక ఏడవదు."

"అంటే రాత్రంతా నడవాలా?"

"నడవాలండీ."

"ముందు మిషను లెక్క మీరే గదండీ వేసింది?"

సాల్మన్ సంచీ జిప్పు లాగి లేచాడు.

"నాదే పొరపాటండీ. ఇంట్లో ఎంతమంది ఉంటారో చూసి గదా మిషను లెక్కేసేది... ఒకరిని మర్చిపోయాను."